ఎవరెరిగిన ఇండియా?

రోహింటన్ మిస్త్రీ 1975లో బొంబాయి వదిలి టొరాంటో వచ్చి బ్యాంకులో గుమాస్తాగా చేరాడు. ఆ ఏడే అక్కడ ఎమర్జెన్సీ మొదలైంది. ఆ రోజుల మీద అతను రాసిన ‘ఎ ఫైన్ బాలెన్స్’ నవలకి 1995లో ఇక్కడ గిల్లర్ బహుమతి వచ్చింది. మరుసటేడు బుకర్ తుది జాబితాలోకీ ఎక్కింది.

అప్పుడే జెర్మేన్ గ్రీర్ బీబీసీ టీవీలో ఈ నవలని తీసిపారేసింది. తానెరిగిన ఇండియా ఇందులో లేదట. ఆవిడ ఎరిగింది బొంబాయి కాలేజీలో పాఠాలు చెప్పిన నాలుగు నెలలు! అయితే ఎమర్జెన్సీలో చాలా భాగం మిస్త్రీ కూడా టొరాంటోలోనే ఉన్నాడు. నేనైతే అప్పటికింకా పుట్టనే లేదు. మరి తీర్పు ఎవరు చెప్పాలి?

నాన్నగారు బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఆయన మిసిసాగాలో మా ఇంటికొచ్చినప్పుడు, దర్జీలు ఈశ్వర్, ఓంలని సంతలోంచి బలవంతంగా ఆపరేషన్‌కి పట్టుకుపోయే ఘట్టం తెలుగు చేసి వినిపించాను. 1976-77లో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయని కూడా చెప్పాను.

“మాకూ తలా రెండు కేసులు తెమ్మన్నారురా,” అన్నారు.

“తెచ్చారా?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“తర్వాతేమైందో చదువు.”