జామియా ఖబ్రస్తాన్‌లో ఆపాజాన్

నాజీల కబ్జాలో ఉన్న పారిస్. అక్కడి పెద్ద మసీదు నిర్వాహకుడు సీ కద్దూర్ బెన్ ఘబ్రిత్, సలీం హలాలీ అనే యహూదీ గాయకుణ్ని ముసల్మాన్‌గా చూపించి కాపాడతాడు. రుజువు కోసం ఖబ్రస్తాన్‌లో ఒక రాయి మీద సలీం పెద్దల పేరు చెక్కిస్తాడు. ఇస్మాయిల్ ఫెరూకీ 2011లో తీసిన 'లే జోమ్ లీబ్ర్' సినిమా ఇది. ఆ మసీదు ఎంతమందికి పనాహ్ ఇచ్చిందన్న లెక్క మీద చరిత్రకారుల మధ్య తకరారు ఇంకా తెగలేదు. సినిమా మాత్రం చూడదగ్గది. చిట్టమూరులో మా ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం.

"మన ముల్క్‌లో ఎవరూ ఇట్లా చెయ్యలేదా అబ్బా?" అంది అమ్మాయి.

చేశారు బేటా. సినిమా తియ్యలేదంతే.

డాక్టర్ జాకిర్ హుసేన్ సాబ్ 1897లో మన హైదరాబాద్‌లోనే పుట్టారు. వాళ్ల అబ్బాజాన్ అక్కడ వకీలు. తర్వాత రాష్ట్రపతి అయ్యారని బడిలో చదువుకున్నాం గానీ, అసలు కథ అంతకు చాలా ముందుది. 1920లలో ఆయన, ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్ బెర్లిన్‌లో చదువుకుంటున్నప్పుడు గెర్దా ఫిలిప్స్‌బోర్న్ అనే యహూదీ యువతితో దోస్తీ కుదిరింది. జామియా మిల్లియా డబ్బుల్లేక మూతపడబోతుంటే ముయ్యొద్దని అక్కణ్నించే ఖబురు పంపి, 1926లో వచ్చి నెత్తికెత్తుకున్నారు ఆ ముగ్గురూ. ఉస్తాదులకే జీతాలు సరిగా అందని ఆ ఇంటికి గెర్దా కూడా వచ్చి చేరింది. ఆమె వచ్చిన రోజుల్లోనే, 1933 జనవరిలో, హిట్లర్ గద్దెనెక్కాడు. అంటే పరుగెత్తి వచ్చిన మనిషి కాదు, ఇష్టపడి వచ్చిన మనిషి. కానీ ఆ తర్వాత వెనక్కి పోయే తోవ మూసుకుపోయింది. మేహ్‌మాన్‌గా అడుగుపెట్టిన చోటే ఆమెకు పనాహ్ అయింది.

జామియాలో పసిపిల్లల తాలీమ్ చూసుకునేది. పిల్లలకే కాదు, అందరికీ ఆమె ఆపాజాన్.

జంగ్ మొదలయ్యాక అసలు తమాషా చూడండి. హిట్లర్‌తో పోరాడుతున్న అంగ్రేజ్ సర్కారు, హిట్లర్ నామరూపాల్లేకుండా చెయ్యాలనుకున్న ఈ యహూదీ ఔరత్‌ను జర్మన్ అన్న పేరు మీద దుష్మన్ దేశస్థురాలిగా లెక్కగట్టి ఖైదులో పెట్టింది! విడుదలై జామియాకే తిరిగొచ్చింది, కానీ అప్పటికే కేన్సర్. 1943 ఏప్రిల్‌లో ఇంతెఖాల్. జామియా ఖబ్రస్తాన్‌లోనే దఫన్ చేశారు.

ఇదే జుల్మ్ ముహమ్మద్ అసద్ సాబ్‌కూ జరిగింది. యహూదీ ఇంట లియోపోల్డ్ వైస్‌గా పుట్టి, 1926లో ఇస్లాం ఖుబూల్ చేసిన మనిషి. హైదరాబాద్ నుంచి వెలువడే 'ఇస్లామిక్ కల్చర్' పత్రికను పిక్తాల్ సాబ్ తర్వాత కొంతకాలం నడిపారు. ఆస్ట్రియాను హిట్లర్ మింగేశాడు కాబట్టి అంగ్రేజుల లెక్కలో ఆయనా దుష్మనే. 1939 నుంచి 1945 దాకా మన దేశంలోనే ఖైదు. నాజీలూ, నాజీలంటే మండిపడేవాళ్లూ ఒకే ముళ్లకంచె వెనక! ఆయన అక్కడ ఉండగానే ఐరోపాలో ఆయన తండ్రినీ తోబుట్టువునూ నాజీలు పొట్టనపెట్టుకున్నారు.

గాజా చూసి కడుపు రగిలిపోతున్న ఈ రోజుల్లో ఇదంతా ఎందుకు చెప్తున్నావని మా భాయీలు కొందరు అడుగుతారు. మన ఇళ్లలో 'యహూదీ' అనే మాట తిట్టుగా వినబడుతోంది, అందుకు చెప్తున్నాను. బాంబులేసే హుకూమత్ వేరు, నాజీల నుంచి తప్పించుకున్న మనిషి వేరు. హబషా హిజ్రత్ కథ మక్తబ్‌లో పిల్లలకి చెప్పుకుంటాం కదా, మజ్లూమ్‌లైన సహాబాలకి పనాహ్ ఇచ్చిన నజాషీ అప్పటికి ఈసాయీ పాదుషా. ఎవరి మజ్‌హబ్ ఏదని ఆయన తలుపు మూసుకున్నాడా?

ఢిల్లీ వెళ్లేవాళ్లు ఓఖ్లా దాకా పోయి చూడండి. జామియాలో పనిచేసే తల్లులు పసిపిల్లల్ని వదిలివెళ్లే శిశు సంరక్షణ కేంద్రానికి ఇవాళ్టికీ గెర్దా ఫిలిప్స్‌బోర్న్ పేరే.