తలుపు గడియ నుంచి వేట రైఫిల్ దాకా

ఇంటి తలుపుకు గడియ వెయ్యడం తెలిసిన చేతికి బోల్టు రైఫిల్ సగం అర్థమైనట్టే. పిడి పైకెత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకు తొయ్యాలి, కిందికి వంచాలి. వెనక్కి లాగితే పేలిన తూటా డొల్ల ఎగిరి బయటపడుతుంది. ముందుకు తోస్తే అరలోంచి కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. కిందికి వంచితే గడియ పడుతుంది. లోపల మందు పేలినప్పుడు ఆ ఒత్తిడి మనిషి ముఖం మీదికి రాకుండా ఉక్కు ముక్క అడ్డు నిలబడుతుంది. నూట ఎనభై ఏళ్ళు దాటినా ఈ నాలుగు కదలికలూ మారలేదు.

ఇవాళ అమెరికాలోనో ఫిన్లాండ్‌లోనో వేట లైసెన్సు చేతబట్టుకుని దుకాణానికి వెళ్ళినవాడికి గోడ పొడుగునా ఫ్యాక్టరీ రైఫిళ్ళు బారులు తీరి కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే అన్నీ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఒకదాని ధర అయిదు వందల డాలర్ల లోపే, పక్కదానిది రెండు వేలు, అద్దాల బీరువాలో ఉన్నదానిది ఇంకా ఎన్నో రెట్లు. ఏది తీసుకోవాలో తెలియాలంటే ముందు ఈ తేడాలు ఎక్కడ పుట్టాయో తెలియాలి. ప్రతి తేడా వెనకా ఒక ఊరు, ఒక ఫ్యాక్టరీ, ఫలానా ఏడాదిలో ఎవరో ఖర్చు లెక్క వేసుకుని తీసుకున్న నిర్ణయం ఉన్నాయి.

కథ జర్మనీలోని జోమర్డా అనే చిన్న ఊళ్ళో మొదలవుతుంది. 1787లో పుట్టిన యోహాన్ నికొలాస్ డ్రైసె తండ్రి తాళాలు చేసే పనివాడు. తాళాలూ గడియల మధ్య పెరిగిన కుర్రవాడికి తుపాకి వెనక మూతకు కూడా గడియ పెట్టవచ్చన్న ఊహ వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. వయసులో ఉండగా ప్యారిస్ వెళ్ళి, పౌలీ అనే స్విస్ తుపాకి పనివాడి దగ్గర కొన్నేళ్ళు పనిచేసి వచ్చాడు. అప్పట్లో తుపాకి అంటే మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాల్సిందే. మన పల్లెల్లో నాటు తుపాకి పద్ధతి ఇదే. డ్రైసె తుపాకిలో తూటా వెనకనుంచి వెళుతుంది. పొడుగాటి సూది కాగితపు తూటాను పొడుచుకుంటూ లోపలికి దిగి, గుండు అడుగున ఉన్న మందును రగిలిస్తుంది. 1841లో ప్రష్యా సైన్యం దాన్ని తీసుకుంది. 1866 జూలై 3న కోనిగ్రాట్జ్ యుద్ధంలో ఆస్ట్రియా సైనికులు నిలబడి కడ్డీలతో దట్టించుకుంటుంటే, ప్రష్యా వాళ్ళు నేలమీద బోర్లా పడుకునే తూటాలు మార్చుకున్నారు. మూతి తుపాకికి కాలం చెల్లిందని యూరప్ అంతటికీ అర్థమైంది.

సూది తుపాకికి ఓ పెద్ద లోపం ఉండేది. మూత సందుల్లోంచి నిప్పుసెగ ఎగదన్నేది. ఇత్తడి తూటా వచ్చాక ఆ బాధ తీరింది. పేలిన క్షణంలో ఇత్తడి ఉబ్బి, గొట్టం గోడలకు అతుక్కుని, సందును తానే మూసేస్తుంది.

ఆ ఇత్తడి తూటాకు సరిపడే గడియను తీర్చిదిద్దినవాడు పాల్ మౌజర్. నెకార్ నది ఒడ్డున ఓబెర్న్‌డార్ఫ్‌లో, ఒకప్పటి క్రైస్తవ మఠం భవనంలో రాజుగారి ఆయుధాల ఫ్యాక్టరీ ఉండేది. తండ్రి అందులోనే పనివాడు. పాల్, అన్న విల్హెల్మ్ కలిసి చేసిన తుపాకిని 1871లో జర్మనీ సైన్యానికి ఎంపిక చేశారు. అది ఒక్క తూటా తుపాకే. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే పొగ రాని మందు కనిపెట్టడంతో లెక్కలన్నీ తారుమారయ్యాయి. గుండు వేగం పెరిగింది, లోపలి ఒత్తిడి పెరిగింది, పాత గడియల బలం చాలలేదు. మౌజర్ ఒక్కో ఏడాది ఒక్కో లోపం సవరించుకుంటూ వచ్చి 1898లో తన గడియకు తుదిరూపం ఇచ్చాడు. బోల్టు ముందుభాగంలో రెండు ఉక్కు చెవులు పేలుడును తట్టుకుంటాయి. అవి విరిగినా ఆదుకోవడానికి వెనక మూడో చెవి ఉంది. తూటా అడుగు చిట్లితే వాయువును పక్కకు మళ్ళించడానికి రంధ్రాలున్నాయి. అయిదు తూటాలు రెండు వరసలుగా తుపాకి కర్ర (స్టాక్) లోపలే ఇమిడిపోతాయి.

ఇక పంజా సంగతి. దీన్ని దగ్గరనుంచి చూడాలి, ఎందుకంటే నేటి దుకాణంలో సగం వాదన దీని గురించే. మౌజర్ బోల్టు కుడిపక్కన వేలెడు పొడుగున స్ప్రింగు ఉక్కు పట్టీ ఒకటి ఉంటుంది. బోల్టు తిరిగినా అది తిరగదు. బోల్టును నెమ్మదిగా ముందుకు తోస్తే, అరలోంచి పైకి వచ్చే తూటా తన అడుగు అంచును ఆ పట్టీ కొస కిందికి తానే జార్చుకుంటుంది. తూటా ఇంకా గొట్టంలోకి వెళ్ళకముందే పంజాకు చిక్కిందన్నమాట. తుపాకిని తలకిందులు చేసినా పడదు. కంగారులో సగం తోసి వెనక్కి లాగినా ఆ తూటా పంజాతో పాటే వెనక్కి వచ్చేస్తుంది. రెండో తూటా వచ్చి దాని వెనక గుచ్చుకునే ప్రమాదం లేదు. చార్జి చేసే అడవిదున్న పదిగజాల్లో ఉన్నప్పుడు ఈ చిన్న పట్టీయే ప్రాణం.

లండన్‌లోని జాన్ రిగ్బీ కంపెనీ మౌజర్ గడియలు తెప్పించుకుని వేట రైఫిళ్ళు కట్టింది. వాటిలో ఒకటి మన దేశానికి వచ్చింది. కుమావూఁ కొండల్లో 436 మందిని పొట్టన పెట్టుకున్నదని లెక్క తేలిన చంపావత్ ఆడపులిని 1907లో వేటగాడు జిమ్ కార్బెట్ చంపినప్పుడు, యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూయెట్ ఆయనకు .275 రిగ్బీ రైఫిల్ బహూకరించారు. తేలికైన తుపాకి, తన్నుడు తక్కువ. 1926లో రుద్రప్రయాగ చిరుతపులిని కార్బెట్ కొట్టింది దీనితోనే. బహుమతి సంగతి చెక్కిన వెండి రేకు దాని కర్రమీద ఇప్పటికీ ఉంది. ఏళ్ళ తరబడి అది కార్బెట్ పుస్తకాలు అచ్చువేసిన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వారి దగ్గర ఉండి, చివరికి తనను తయారుచేసిన రిగ్బీ కంపెనీకే చేరింది.

ఇండియాలో సామాన్యుడికి దక్కిన బోల్టు రైఫిల్ మాత్రం వేరు. సైన్యం వాడే .303 తూటా జనం చేతికి చిక్కకూడదని బ్రిటిష్ పాలకులు దాన్ని నిషేధిస్తే, ఆ ఖాళీలోకి .315 వచ్చింది. నిజానికి ఆ తూటా ఆస్ట్రియా సైన్యపు పాత మాన్‌లిహర్ తూటాయే. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు .315 రైఫిళ్ళు చేస్తూనే వచ్చాయి. లైసెన్సున్న ఇళ్ళల్లో, బ్యాంకు కాపలాదారుల భుజాల మీద తెలుగువాళ్ళు చూసిన బోల్టు రైఫిల్ చాలావరకు అదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఇక్కడ వేట చాలావరకు ముగిసింది. అది మంచి చట్టం, రావలసిన చట్టం. కాబట్టి వేట రైఫిల్ ఎంపిక కథ ఆపైన అమెరికా, యూరప్ అడవుల్లోనే నడుస్తుంది.

అమెరికా వేటగాడు చాలాకాలం గడియను నమ్మలేదు. అతని చేతిలో విన్‌చెస్టర్ లీవరు రైఫిల్ ఉండేది. 1898 జూలై 1న క్యూబాలోని సాన్ హువాన్ కొండమీద స్పెయిన్ సైనికులు మౌజర్లతో కాల్చిన తీరు చూశాక అమెరికా సైన్యం కళ్ళు తెరిచింది. మౌజర్ పోకడలోనే 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ తయారైంది, మౌజర్ కంపెనీకి రాయల్టీ కూడా కట్టారు. థియొడోర్ రూజ్‌వెల్ట్ వేటకు మలిపించుకున్న స్ప్రింగ్‌ఫీల్డ్‌తో 1909లో ఆఫ్రికా వెళ్ళాడు. అసలు మార్పు తెచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం. లక్షల మంది కుర్రాళ్ళు బోల్టుకు చెయ్యి అలవాటుచేసుకుని ఇంటికొచ్చారు, అలాంటిదే వేటకూ కావాలన్నారు. రెమింగ్టన్ యుద్ధంలో మిగిలిన భాగాలతో మోడల్ 30 చేసింది. విన్‌చెస్టర్ 1925లో మోడల్ 54 తెచ్చింది, దానితోపాటే .270 తూటా పుట్టింది.

1936లో వచ్చిన విన్‌చెస్టర్ మోడల్ 70 ఈ పరంపరలో శిఖరం. మౌజర్ పంజాను అట్టేపెట్టుకుని, ట్రిగ్గర్ మీటను సుతిమెత్తగా చేసి, దూర్బీను బిగించినా చేతికి అడ్డురాని సేఫ్టీ పెట్టారు. సుత్తిదెబ్బలతో సాగదీసిన ఉక్కును మరలమీద కోసి కోసి ఆకారం తెచ్చేవాళ్ళు. కర్రమీద పట్టుకోసం గీసే గళ్ళ నగిషీ చేతితో చెక్కేవాళ్ళు. జాక్ ఓ'కానర్ అనే రచయిత ‘అవుట్‌డోర్ లైఫ్’ పత్రికలో దశాబ్దాలపాటు మోడల్ 70 గురించీ .270 గురించీ రాసి రెండింటికీ ఇంటింటా పేరు తెచ్చాడు.

పోటీ ఇంకో దారిలో వచ్చింది. రెమింగ్టన్ ఇంజనీరు మైక్ వాకర్ బృందం 1948లో 721, 722 మోడళ్ళతో, 1962లో 700తో ఓ కొత్త లెక్క వేసింది. గడియ ఇమిడే ఉక్కు పెట్టెను దిమ్మనుంచి చెక్కే బదులు గుండ్రటి కడ్డీని లేతుమీద తిప్పి చేస్తే పోలేదా? వెనక్కి తన్నే దెబ్బను ఆపే మందపాటి రేకును గొట్టానికీ పెట్టెకూ మధ్య వాషర్‌లా ఇరికిస్తే చాలదా? పంజా బదులు బోల్టు మూతి లోపల చిన్న కొక్కెం పెట్టారు. తూటాను గొట్టంలోకి నెట్టి, గడియ మూసే చివరి క్షణంలో మాత్రమే అది పట్టుకుంటుంది. సగంలో వెనక్కి లాగితే తూటా లోపలే ఉండిపోవచ్చు. అయినా ఇలా చేసిన రైఫిల్ చవక, పైగా గురి అద్భుతం. గుండ్రటి పని మరలకు సులువు కాబట్టి ప్రతి తుపాకీ ఒకేలా తిన్నగా వచ్చేది. అమెరికా మెరైన్లు, సైన్యం కూడా దీన్నే స్నైపర్ రైఫిల్‌గా మలుచుకున్నాయి.

ఆ చవక పోటీకి తట్టుకోలేక విన్‌చెస్టర్ 1964లో మోడల్ 70ను మార్చింది. పంజా తీసేసింది. చేతి నగిషీ ఆపేసి, కర్రమీద అచ్చుతో ఒత్తించింది. కొత్త తుపాకి గురిలో పాతదానికి తీసిపోదు, ఈ మాట న్యాయంగా ఒప్పుకోవాలి. కానీ వేటగాళ్ళు క్షమించలేదు. ‘64కు ముందుది’ అన్న మాట వాడుకలో స్థిరపడి, పాత మోడళ్ళ ధర కొండెక్కింది. చివరికి 1990ల తొలినాళ్ళలో కంపెనీయే పంజాను మళ్ళీ తెచ్చింది. న్యూ హేవెన్‌లోని ఫ్యాక్టరీ మాత్రం 2006లో మూతపడింది. ఇల్లియన్ ఊళ్ళో రెమింగ్టన్ ఫ్యాక్టరీ 2024లో మూతపడింది. రెండు ఊళ్ళలోనూ తరతరాలుగా తుపాకి పనిమీద బతికిన కుటుంబాలున్నాయి.

సావేజ్ కంపెనీ 1958లో తెచ్చిన 110 మోడల్ చూడటానికి మోటుగా ఉంటుంది గానీ దాని తెలివి గొప్పది. గొట్టాన్ని పెట్టెకు బిగించేచోట ఓ నట్టు ఉంటుంది. తూటా గది లోతు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలంటే మిగతావాళ్ళు ఒక్కో తుపాకినీ చేత్తో సరిచూసుకోవాలి. సావేజ్ పనివాడు నట్టు తిప్పి సరిచేసి బిగించేస్తాడు. 2003లో ఇదే కంపెనీ తెచ్చిన సర్దుకునే మీట మిగతా ఫ్యాక్టరీలన్నిటినీ మంచి మీటలు పెట్టక తప్పని స్థితికి నెట్టింది. చవక రైఫిల్ కొనేవాడికి ఆ తర్వాత జరిగిన మేలంతా ఈ పోటీ చలవే.

అదే 2003లో ఫిన్లాండ్‌లోని రీహిమాకి నుంచి టిక్కా టీ3 వచ్చింది. 1921లో పుట్టిన సాకో కంపెనీ ఫ్యాక్టరీలోనే దాని తయారీ. చిన్న తూటాకూ పెద్ద తూటాకూ ఒకే కొలత పెట్టె, ప్లాస్టిక్ కర్ర, ప్లాస్టిక్ తూటా డబ్బా. అలా మిగిలిన డబ్బంతా గొట్టంమీదా బోల్టు నునుపుమీదా పెట్టారు. నూరు గజాల దూరంలో మూడు గుళ్ళు అంగుళం లోపల పడతాయని కంపెనీ హామీ. పిడి పట్టుకుని లాగితే వెన్నలో కత్తిలా వస్తుంది.

ఇంతకీ కొనేవాడు ఏం చూసుకోవాలి? గురి గురించి బెంగ పడనక్కర్లేదు. ఒకప్పుడు నిపుణుడు చేతితో సరిచేస్తేగాని రాని గురి ఇప్పుడు అన్నిటికన్నా చవక రైఫిల్‌కూ ఉంది. వానలో తిరిగేవాడు ప్లాస్టిక్ కర్రే తీసుకోవాలి. తడిసిన చెక్క ఉబ్బి గొట్టాన్ని ఒరుసుకుందంటే గుండు పక్కకు పోతుంది. ఎలుగుబంటి తిరిగే అడవిలోకో, ఆఫ్రికా దున్నల మీదికో వెళ్ళేవాడికి పంజా ఉన్న గడియ మీద పెట్టే డబ్బు దండగ కాదు. పొలం గట్టున కూర్చుని జింకను కొట్టేవాడికి దాని అవసరం రాదు. పాత రెమింగ్టన్ 700 దొరికితే తయారైన ఏడాది చూడాలి. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా ఎక్స్-మార్క్ ప్రో మీటతో వచ్చిన రైఫిళ్ళను కంపెనీయే మరమ్మతుకు వెనక్కి పిలిచింది. అన్నిటికన్నా ముందు, కళ్ళు మూసుకుని తుపాకిని భుజానికి ఎత్తి, అప్పుడు కళ్ళు తెరవాలి. దూర్బీను తిన్నగా కంటికెదురుగా ఉంటే కర్ర కొలత కుదిరినట్టు. మెడ వంచి వెతుక్కోవలసి వస్తే ఆ తుపాకి ఎంత గొప్పదైనా అతనిది కాదు.

ఓబెర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ ఫ్యాక్టరీని రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రెంచి సైన్యం విప్పేసింది. మౌజర్ పేరుతో వేట రైఫిళ్ళు ఇప్పుడు దక్షిణ జర్మనీలోని ఇస్నీ ఊళ్ళో తయారవుతున్నాయి. 1898 నాటి గడియ, పొడుగాటి పంజాతో సహా, అక్కడ ఇంకా చేస్తున్నారు. అది అద్దాల బీరువా సరుకు. 2018లో అదే కంపెనీ సామాన్య వేటగాడి కోసం ఎం18 అనే చవక రైఫిల్ తెచ్చింది. ప్లాస్టిక్ కర్ర, గుండ్రటి లావు బోల్టు, తూటాను ముందుకు నెట్టే పద్ధతి. దాని బోల్టు బయటికి లాగి కుడిపక్కన వేలితో తడిమితే నున్నటి ఉక్కే తగులుతుంది. పాల్ మౌజర్ పంజా అక్కడ లేదు.