ఒక మాట – ఒక పాట

చరిత్రమును వ్రాఁతలయందే వెదకుట మనకలవాటు, పాటలయందును వెదకవలెను.

1901 జూన్ 12న టెక్సాసులో షెరీఫు మారిస్, మెక్సికోలోఁ బుట్టిన గ్రెగోరియో కోర్టెజ్ అను రైతును, ఇటీవల గుఱ్ఱమును మారుబేరమునఁ గొంటివాయని స్పానిషులో నడిగించెను. ద్విభాషి వాడిన మాట పోఁతుగుఱ్ఱమును దెలుపును. కోర్టెజు కొన్నది ఆఁడుగుఱ్ఱము. కావున లేదనెను. ద్విభాషి యీ భేదమును గ్రహింపఁడయ్యెను. అతఁడు బొంకెనని తలఁచిరి, తుపాకులు ప్రేలెను. కోర్టెజు సోదరుఁడు గాయపడెను, షెరీఫు మరణించెను. అధికారులు పదిదినములు తఱిమి పట్టుకొన్న యాతనిని స్వజనులు వీరునిఁగాఁ బాడుకొనిరి. 1913లో గవర్నరు క్షమాభిక్ష యొసఁగెను.

1929లో శాన్ ఆంటోనియో పట్టణమునఁ బెడ్రో రోచా, లూపే మార్టీనెజులు జంటగాఁ బాడిన యా గాథను వొకాలియన్ కంపెనీ గ్రామఫోను రికార్డుగా వెలువరించెను. కథ రికార్డు రెండువైపులను నింపెను. కంపెనీ కోరినది లాభమే. మిగిలినది ఒక జాతి సాక్ష్యము. న్యాయస్థానపు కాగితములతోపాటు దానినిఁ గూడఁ జరిత్రమనియే మేమందుము.