యంత్రంలోనూ ఒక వంశవృక్షం

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం పంపమని సంఘం వారు కోరారు. రాజుల చరిత్రలు రాసేవారు చాలామంది ఉన్నారు. రాజంపేటలో గుమాస్తాగా రిజిస్టర్ల మధ్య బతికినవాణ్ణి కనుక, నేను ఒక రిజిస్టరు చరిత్ర రాస్తున్నాను.

వంశవృక్షం మన రెవెన్యూ వారికి కొత్త కాదు. గ్రామోద్యోగాలు తండ్రి నుంచి కొడుక్కు వచ్చిన రోజుల్లో తగాదా వస్తే ముందు దాన్నే చూసేవారు. ఆ వారసత్వ హక్కు రాజ్యాంగానికి విరుద్ధమని 1960లో సుప్రీం కోర్టు చెప్పింది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలనే రద్దు చేసింది. వారసుల పట్టీ అవసరం మాత్రం పోలేదు.

ఇటువంటి పట్టీయే యూనిక్స్ కంప్యూటర్లలోనూ ఉందని సర్వీసు చివరి రోజుల్లో శిక్షణకు వెళ్ళినప్పుడు తెలిసి ఆశ్చర్యపోయాను. యూనిక్స్‌ను 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టారు. అందులో నడిచే ప్రతి పనిని ప్రాసెస్ అంటారు. ఏ ప్రాసెస్సూ తనంతట తాను పుట్టదు. ముందున్నది తన నకలును పుట్టిస్తుంది. బిడ్డ నంబరు పక్కనే తల్లి నంబరు కూడా నమోదవుతుంది. మూలపురుషుడి నంబరు 1.

'పీఎస్' అని ఆదేశిస్తే ఈ పట్టీ వరుసగా వస్తుంది గాని, చెట్టులా కనబడదు. పాత యంత్రాల్లో చెట్టు గీసే ఆదేశం లేదు. అందుకని నిర్వాహకులు షెల్ స్క్రిప్టు అనే చిన్న ఆదేశాల పట్టికను తామే రాసుకునేవారు. 1977 నాటి 'ఆక్', 1979 నాటి బోర్న్ షెల్ అందుకు సాధనాలు. పద్ధతి సులభం. 1వ నంబరు రాయాలి. తల్లి గడిలో 1 ఉన్నవాళ్ళను వెతికి కొంచెం కుడికి జరిపి రాయాలి. ఒక్కొక్కరి కిందా మళ్ళీ అదే పని చేయాలి. సంతానం లేనివారి దగ్గర ఆగాలి. తరువాత సొలారిస్‌లో 'పీట్రీ', లినక్స్‌లో 'పీఎస్‌ట్రీ' అనే సిద్ధమైన ఆదేశాలు వచ్చాయి.

ఇదంతా వేడుకకు కాదు. మొరాయించిన ప్రాసెస్‌ను ఆపేముందు దాని కింద ఎవరున్నారో చూడాలి. చూడకుండా తల్లిని తీసేస్తే బిడ్డలు అనాథలై నడుస్తూనే ఉంటారు. సాధారణంగా 1వ నంబరు వారిని దత్తత తీసుకుంటుంది. అప్పుడు తల్లి గడిలో పాత నంబరు పోయి 1 పడుతుంది. అసలు తల్లి ఎవరో ఆ పట్టీ ఇక చెప్పలేదు. ఇంకొక చిత్రం కూడా ఉంది. బిడ్డ పని ముగిసినా, తల్లి ఆ సమాచారం అందుకునే వరకు దాని పేరు పట్టీలో మిగులుతుంది. దాన్ని జాంబీ అంటారు. చనిపోయినవారి పేరు రేషన్ కార్డులో నిలిచిపోయినట్టే.

చెట్టు ఎంత పెద్దదైనా దానికి ఆధారం ఒక్క గడి. ఆ గడి సరిగా ఉన్నప్పుడే చెట్టు గీయగలం. మన పెన్షను కాగితాలదీ ఇదే సంగతి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నందుకు కుటుంబ పెన్షను కోసం నెలల తరబడి తిరిగిన వితంతువులను నా సర్వీసులో చూశాను. సరిదిద్దవలసిన మనిషి అప్పటికే లేడు. కాబట్టి సభ్యులందరూ తమ పీపీవోలో భార్య లేక భర్త పేరు, పుట్టిన తేదీ, ఆధారపడిన సంతానం వివరాలు ఈ నెలలోనే ఒకసారి సరిచూసుకోవలసిందిగా నా మనవి.