కార్తె, ఫసలీ, సర్వర్: కళ్యాణదుర్గం నేపథ్యంలో కాలగణనల సమన్వయం

ఉపోద్ఘాతం

కార్యాలయ సర్వర్‌లోని క్యాలెండరును ఉద్యోగి స్మార్ట్‌ఫోన్‌తో సింక్ చేయడం నేడు కేవలం సాంకేతిక విషయంగా కనిపిస్తుంది. అయితే వేర్వేరు చోట్ల నడిచే కాలగణనలను ఒక లెక్కకు తేవడమనే సమస్య చాలా పాతది. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వంటి మెట్ట ప్రాంతంలో సేద్యానికి కార్తెలు, భూమిశిస్తుకు ఫసలీ, బడులకు, బ్యాంకులకు ఇంగ్లీషు క్యాలెండరు ఆధారమయ్యాయి. వీటిని సమన్వయపరచినప్పుడు ఏ గణన మూలమైంది, ఏది పేరుకే మిగిలింది అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

పంట లెక్క నుంచి కచేరీ లెక్కకు

హిజ్రీ చాంద్రమాన సంవత్సరానికి 354 లేదా 355 రోజులు. పంటలు మాత్రం సూర్యగమనాన్నీ ఋతువులనూ అనుసరిస్తాయి. హిజ్రీ ప్రకారం శిస్తు వసూలు చేస్తే గడువు ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 33 హిజ్రీ సంవత్సరాల్లో పంట సంవత్సరాలు దాదాపు 32 మాత్రమే. ఈ వైరుధ్యాన్ని తొలగించడానికి అక్బరు కాలంలో ఫసలీ ఏర్పడింది. ‘ఫసల్’ అంటే పంటకాలం. షాజహాన్ కాలంలో ఇది దక్కనులో అమలైంది.

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. మద్రాసు రాజధానిలో ఫసలీ సంవత్సరాది మొదట కర్కాటక సంక్రమణాన్ని అనుసరించి జూలై మధ్యలో వచ్చేది. 1855లో దానిని జూలై 1కి మార్చారు. దానితో పంట పేరుగల సంవత్సరం ఇంగ్లీషు నెలకు కట్టుబడింది. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే అది ప్రారంభమయ్యే క్రీస్తుశకం వస్తుంది: 1434 ఫసలీ 2024 జూలై 1న మొదలైంది. అడంగల్, జమాబందీ వంటి గ్రామ లెక్కలు ఈ సంవత్సరం ప్రకారమే నడిచాయి.

సర్వర్ లెక్కలో కార్తె

స్వతంత్ర భారతంలో మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన సంఘం సిఫారసు మేరకు 1957 మార్చి 22 నుంచి శక పంచాంగం జాతీయ పంచాంగమైంది. అయినా కార్యాలయ వ్యవహారం ఇంగ్లీషు తేదీలతోనే సాగింది. సర్వర్ క్యాలెండర్లు ఆ వ్యవహారానికే వారసులు.

1998లో ప్రమాణీకరించిన ఐక్యాలెండర్, 2007 నాటి క్యాల్‌డావ్ ఈ రంగంలో ముఖ్యమైన ప్రమాణాలు. ప్రతి కార్యక్రమానికీ ఒక ప్రత్యేక గుర్తింపు ఉంటుంది. దాని ఆధారంగా సర్వర్‌లోని మార్పు ఫోనుకూ, ఫోనులోని మార్పు సర్వర్‌కూ చేరుతుంది. తేదీ మాత్రం గ్రెగోరియన్ పద్ధతిలోనే నమోదవుతుంది. ఇతర కాలగణనల ప్రకారం పునరావృత్తి చెందే కార్యక్రమాలకు 2015లో ఒక విస్తరణ వచ్చింది. అది ఆధారపడిన క్యాలెండర్ల జాబితాలో శక పంచాంగం ఉంది. తిథి ప్రధానమైన తెలుగు పంచాంగం లేదు. అందువల్ల 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చిన ఉగాదిని ‘ప్రతి ఏటా’ అనే ఒక్క ఆదేశంతో నమోదు చేయడం సాధ్యం కాదు.

కార్తెల స్థితి వేరు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలమే కార్తె. మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో ప్రవేశిస్తుంది కనుక దానిని ఫోనులో సులభంగా చేర్చవచ్చు. అయితే రైతుకు కార్తె ఒక తేదీ కాదు, వాన పడితే విత్తదగిన అవధి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వర్షపాతం ఉన్న జిల్లాలో ఆ షరతే కీలకం. బ్యాంకు రుణానికీ పంటల బీమాకూ గడువు తేదీ ఉంటుంది. వేరుశనగ విత్తు వాన కోసం ఆగుతుంది. సింక్ ప్రక్రియ మొదటిదాన్ని కచ్చితంగా చేరవేస్తుంది; రెండవదానికి అందులో గడి లేదు.

ముగింపు

కాలగణనల సమన్వయంలో మూలంగా ఎంచుకున్న గణన తక్కినవాటి అర్థాన్ని నిర్ణయిస్తుందని ఫసలీ చరిత్ర తెలుపుతోంది. 1855లో ఫసలీ తన పేరును నిలుపుకొని సంక్రమణాన్ని కోల్పోయింది. ఫోనులో చేరిన కార్తె కూడా పేరును నిలుపుకొని వాన షరతును కోల్పోయే అవకాశం ఉంది. వ్యవసాయ గడువులను నిర్ణయించే వ్యవస్థలు ఈ తేడాను గుర్తించడం మెట్ట రైతుకు అవసరం.