వెలుగు దారి: జిమ్ థోర్ప్ జీవితం

సెలవులు ముగిసి పిల్లలు హాస్టల్‌కు తిరిగొచ్చిన మొదటి వారం మాకు సరిగా నిద్ర ఉండదు. ఎవరో ఒకరు సంచి సర్దుకుని ఇంటిదారి పడతారు. అలాగే హాస్టళ్ల నుంచి పదేపదే పారిపోయిన ఒక ఆదివాసీ పిల్లవాడు ప్రపంచం మెచ్చిన క్రీడాకారుడయ్యాడు. ఆ చరిత్రను ఈ సంచికలో మన యువత ముందుంచుతున్నాం.

అతని పేరు జిమ్ థోర్ప్. అమెరికాలో, ఇప్పటి ఓక్లహోమా రాష్ట్రంలో, సాక్ అండ్ ఫాక్స్ తెగలో 1887 ప్రాంతంలో పుట్టాడు. తెగ భాషలో అతని పేరుకు ‘వెలుగు దారి’ అని అర్థం. కవల సోదరుడు చార్లీ చిన్నతనంలోనే జబ్బుతో చనిపోయాక జిమ్‌కు బడిలో మనసు నిలవలేదు.

1904లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూల్‌లో చేరాడు. 1879లో ఒక సైనికాధికారి స్థాపించిన వసతి పాఠశాల అది. అక్కడ పిల్లల జుట్టు కత్తిరించేవారు, పేర్లు మార్చేవారు, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. ఆదివాసీతనాన్ని తుడిచేయడమే దాని ఉద్దేశం. ఇంటికి తిరిగి వెళ్లకుండానే కన్నుమూసిన పిల్లల సమాధులు అక్కడ ఉన్నాయి. వార్డెన్లుగా ఈ మాట రాస్తుంటే మాకు చేయి వణుకుతుంది.

ఆ బడి మైదానంలోనే జిమ్ అమెరికన్ ఫుట్‌బాల్ నేర్చాడు. ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేతపట్టుకుని, అడ్డొచ్చేవారిని తప్పించుకుంటూ పరుగెత్తే ఆట. 1912 నవంబరులో కార్లైల్ పిల్లలు వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలను 27–6తో ఓడించారు. ఓడిన జట్టులో, తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ కూడా ఉన్నాడు.

అదే ఏడాది స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ జిమ్ స్వర్ణాలు గెలిచాడు. తన బూట్లు కనబడకపోతే, దొరికిన జత కుదరని బూట్లు తొడుక్కుని పోటీపడ్డాడు.

1913లో ఆ పతకాలు లాక్కున్నారు. 1909, 1910 వేసవుల్లో కొద్దిపాటి డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడన్నది అభియోగం. అప్పట్లో ఎందరో కళాశాల విద్యార్థులు మారుపేర్లతో అలాగే ఆడేవారు. జిమ్ సొంత పేరుతో ఆడాడు, అందుకే దొరికిపోయాడు. అభ్యంతరం 30 రోజుల్లోపు చెప్పాలని నిబంధన. ఆరు నెలల తర్వాత చెప్పినా చెల్లింది. అతని తరఫున ఆ నిబంధన చూపించి అడిగినవారు లేరు.

1915లో ఒహాయోలోని కాంటన్ బుల్‌డాగ్స్ జట్టు ఆటకు 250 డాలర్లిచ్చి అతణ్ని తీసుకుంది. 1920లో వృత్తి ఫుట్‌బాల్ జట్లు కొన్ని సంఘంగా ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షుడు జిమ్ థోర్పే. ఆ సంఘమే నేటి ఎన్‌ఎఫ్‌ఎల్.

1922, 1923లలో ఊరాంగ్ ఇండియన్స్ జట్టుకు ఆడాడు. ఆటగాళ్లంతా ఆదివాసీలే. యజమాని మాత్రం కుక్కల వ్యాపారి. ఆట విరామంలో వాళ్లతో నృత్యాలు, కుక్కలతో విన్యాసాలు చేయించి తన వ్యాపారాన్ని ప్రచారం చేసుకున్నాడు. మనల్నీ ఈకలు తొడిగి వేదిక ఎక్కిస్తుంటారు. ఆ ఆట ఎవరి కోసమో అడగడం మనం నేర్చుకోవాలి.

1928లో జిమ్ ఆట ముగించాడు. తర్వాత కూలిపని చేశాడు, సినిమాల్లో చిన్న వేషాలు వేశాడు. 1950లో పత్రికా విలేఖరులు అర్ధశతాబ్దపు మేటి క్రీడాకారుడిగా ఎన్నుకున్నారు. అయినా 1953లో పేదగానే కన్నుమూశాడు. 1982లో ఒలింపిక్ కమిటీ అతణ్ని సహవిజేతగా మాత్రమే ఒప్పుకుంది. ఏకైక విజేతగా ప్రకటించింది 2022లో, అంటే పోటీ జరిగిన 110 ఏళ్లకు.

అన్నేళ్లూ అడగడం మానని కుటుంబం, తెగ, అభిమానులు ఉన్నారు కాబట్టే అది సాధ్యమైంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బాగా ఆడండి, బాగా చదవండి. మీకు వర్తించే నిబంధన కూడా చదివి పెట్టుకోండి. ఇంట్లో మన భాష మాట్లాడండి. ఇల్లు గుర్తొచ్చి బెంగపడితే మాత్రం రాత్రి గోడ దూకకండి, మా తలుపు తట్టండి.