గంప నుంచి గిడ్డంగి దాకా: ఆఫ్రికా ప్రాంతీయ వాణిజ్యంలో మహిళల స్థానం – లోమే, గోమాల తులనాత్మక పరిశీలన

సారాంశం

ఆఫ్రికా దేశాల మధ్య సాగే చిన్న వ్యాపారంలో సింహభాగం మహిళలదే. ఆ వ్యాపారం పెట్టుబడిగా ఎదిగే మెట్టు దగ్గర మాత్రం వారి సంఖ్య పలచబడుతుంది. టోగో రాజధాని లోమేలోని వస్త్ర వ్యాపారులను, కాంగో–రువాండా సరిహద్దున ఉన్న గోమా వర్తకురాళ్లను పక్కపక్కన ఉంచి ఈ వ్యాసం అందుకు కారణాలు వెదుకుతుంది. మహిళలకు చొరవ కొదవలేదనీ, సుంకం రాయితీ ఒక్కటే సరిపోదనీ, సంపాదించుకున్న స్థానాన్ని నిలబెట్టే చట్టబద్ధమైన హక్కే లోపించిందనీ ప్రతిపాదిస్తుంది.

ఉపోద్ఘాతం

ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంత ఒప్పందంపై 2018 మార్చి 21న కిగాలీలో సంతకాలు జరిగాయి. అది 2019 మే 30న అమల్లోకి వచ్చింది. దాని కింద వ్యాపారం 2021 జనవరి 1న లాంఛనంగా మొదలైంది. ఒప్పందం మూడో అధికరణ స్త్రీపురుష సమానత్వాన్ని తన లక్ష్యాల్లో చేర్చుకుంది. వాణిజ్యంలో మహిళలు, యువతకు సంబంధించిన ప్రత్యేక ప్రోటోకాల్‌ను 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా సమాఖ్య ఆమోదించింది.

మహిళలు వాణిజ్యంలోకి కొత్తగా రావలసినవారన్న ఊహ ఇలాంటి విధాన చర్చల్లో తరచు కనిపిస్తుంది. చరిత్ర అలా చెప్పదు. ఘనా రాజధాని అక్రాలోని మకోలా మార్కెట్టును తరాల తరబడి నడిపింది మహిళలే. 1979 ఆగస్టులో సైనిక ప్రభుత్వం ధరల మంటకు వారినే దోషులుగా నిలబెట్టి, ఆ మార్కెట్టును నేలమట్టం చేసింది. దేశాన్ని పీడించిన సరుకుల కొరతకు మూలాలు ఆర్థిక విధానాల్లో ఉన్నాయి. శిక్ష మాత్రం అంగళ్లలో కూర్చున్న ఆడవాళ్లకు పడింది. వ్యాపారం చేతిలో ఉన్నా, దానికి రక్షణ లేకపోతే ఏం జరుగుతుందో ఈ ఘటన చెబుతుంది.

లోమే: వ్యాపారులు పెట్టుబడిదారులైన వైనం

ఇండోనేసియా బాతిక్‌ను అనుకరించి హాలండ్ మిల్లులు తయారుచేసిన మైనపు అద్దకం బట్టలకు పశ్చిమాఫ్రికాలో విపరీతమైన గిరాకీ ఉండేది. ఘనా దిగుమతి సుంకాలు పెంచాక ఆ వ్యాపారం సుంకాలు తక్కువగా ఉన్న లోమేకి మళ్లింది. అక్కడి మహిళా టోకు వ్యాపారులు యూరోపియన్ కంపెనీల నుంచి సరుకును అరువు మీద ఎత్తేవారు. కొన్ని డిజైన్లపై ఒక్కొక్కరికి ప్రత్యేక విక్రయ హక్కు ఉండేది. ఏ రంగు అమ్ముడుపోతుందో, ఏ డిజైనుకు ఏ పేరు పెడితే జనం మెచ్చుతారో కంపెనీలకు చెప్పింది వాళ్లే. వారి సరుకు ఇరుగుపొరుగు దేశాలకూ చేరేది. ఎక్కే బెంజ్ కార్లను బట్టి వారికి ‘నానా బెంజ్’ అన్న పేరు స్థిరపడింది. లాభాలను ఇళ్లు, స్థలాల్లో పెట్టారు. పిల్లలను విదేశాల్లో చదివించారు.

అంటే వీరి ఎదుగుదలకు మూడు ఆధారాలు: అరువు, ప్రత్యేక విక్రయ హక్కు, సుంకం తేలికగా ఉన్న రేవు. మూడూ ఇతరుల చేతుల్లోనివే. 1994 జనవరిలో టోగో వాడే సీఎఫ్ఏ ఫ్రాంకు విలువను ఫ్రెంచి ఫ్రాంకుతో పోల్చి సగానికి తగ్గించారు. దాంతో హాలండ్ బట్ట సామాన్యులకు అందకుండా పోయింది. ఆ తరువాత చవకైన చైనా నకళ్లు మార్కెట్టును ముంచెత్తాయి. ‘నానెట్’లనే కొత్త తరం వర్తకురాళ్లు సరుకు కోసం నేరుగా చైనాకు వెళ్లారు. హాలండ్ బట్ట తయారుచేసే వ్లిస్కో కంపెనీ సొంత దుకాణాలు తెరిచింది. డిజైన్లకు ఆదరణ తెచ్చిన మహిళలకు వాటిపై చట్టం గుర్తించిన వాటా ఏదీ మిగలలేదు.

గోమా: రాయితీ ఉన్నా రక్షణ లేని చోటు

లావా నేల మీద వెలసిన గోమా నగరం ఆహారానికి చాలావరకు సరిహద్దు అవతల ఉన్న రువాండా పట్టణం గిసెన్యీపై ఆధారపడుతుంది. ‘చిన్న గేటు’గా పేరుపడ్డ దారిలో రోజూ వేలాది మంది కాలినడకన కూరగాయలు, గుడ్లు, పిండి మోసుకొస్తారు. మహా సరస్సుల ప్రాంతంలో ప్రపంచ బ్యాంకు చేయించిన సర్వేలో చిన్న సరిహద్దు వ్యాపారుల్లో 85 శాతం మహిళలని తేలింది.

వీరి కోసమే తూర్పు, దక్షిణాఫ్రికా దేశాల ఉమ్మడి మార్కెట్టు ‘కొమెసా’ సరళీకృత వాణిజ్య విధానాన్ని తెచ్చింది. ఉమ్మడి జాబితాలోని సరుకు నిర్ణీత విలువ దాటకపోతే, సులభమైన ధ్రువపత్రం చూపి దిగుమతి సుంకం లేకుండా సరిహద్దు దాటవచ్చు. అయితే మాఫీ అయ్యేది సుంకమే. ఇతర రుసుములు అలాగే ఉంటాయి. సరిహద్దుల్లో నాలుగు ప్రభుత్వ సంస్థలే పనిచేయాలని కాంగో 2002లో ఉత్తర్వు ఇచ్చినా, వాస్తవంలో అంతకు మించిన సంస్థలు చేయి చాపి వసూళ్లు సాగించాయి. తనకు సుంకం వర్తించదని తెలియని మహిళ అడిగినంతా చెల్లిస్తుంది. తెలిసినామె కూడా టమాటా వాడిపోతుందన్న భయంతో ఇచ్చేస్తుంది.

ఇంటి చట్టం కూడా ఈ గేటు దాకా వెంటవస్తుంది. కాంగో 1987 కుటుంబ స్మృతి ప్రకారం పెళ్లయిన స్త్రీ తనను చట్టపరంగా కట్టిపడేసే ఏ ఒడంబడికకైనా భర్త అనుమతి పొందవలసి ఉండేది. 2016 సవరణతోనే ఆ నిబంధన తొలగింది. అప్పటిదాకా బ్యాంకు అప్పుకు ఆమె సంతకం ఒక్కటే చాలేది కాదు.

అప్పు పుట్టే దారి

ఇలాంటి పరిస్థితుల్లో మహిళలు తమ చీటీలను తామే నడుపుకున్నారు: ఘనాలో ‘సుసు’, ఫ్రెంచి వాడుక ఉన్న దేశాల్లో ‘తోంతీన్’. ఇవి సరుకు కొనడానికి సరిపోతాయి. గిడ్డంగి కట్టడానికి, లారీ కొనడానికి చాలవు. మార్మలేడ్ అమ్మి పరిశ్రమ నెలకొల్పిన ఘనా మహిళ ఎస్తర్ ఒక్లూ ఈ లోటును ముందే గుర్తించారు. 1979లో ఏర్పడిన విమెన్స్ వరల్డ్ బ్యాంకింగ్‌కు తొలి అధ్యక్షురాలై, తనఖా పెట్టే ఆస్తి లేని స్త్రీకీ అప్పు పుట్టాలని పనిచేశారు. నాలుగు దశాబ్దాల తరువాత కూడా ఆఫ్రికా మహిళలకు అందని రుణం 42 బిలియన్ డాలర్లని ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు అంచనా. రుణాలకు హామీ ఇచ్చేందుకు ఆ బ్యాంకు ‘అఫావా’ కార్యక్రమాన్ని చేపట్టింది.

ముగింపు

లోమే మహిళలకు అరువు దొరికింది, హక్కు స్థిరపడలేదు. గోమా మహిళలకు కాగితం మీద రాయితీ దొరికింది. అరువూ లేదు, అడిగే బలమూ లేదు. ఈ రెండు అనుభవాలను కలిపి చూస్తే కొత్త ప్రోటోకాల్ అమలుకు మూడు సూచనలు చేయవచ్చు. ఒకటి, ప్రతి సరిహద్దు గేటు దగ్గర చెల్లించవలసిన రుసుముల పట్టికను స్థానిక భాషల్లో ప్రకటించి, అక్రమ వసూళ్లపై ఫిర్యాదు చేసే అధికారాన్ని వర్తకురాళ్ల సంఘాలకు ఇవ్వాలి. రెండు, సరళీకృత విధానం కింద జారీ అయ్యే ప్రతి పత్రాన్నీ వ్యాపార చరిత్రగా నమోదు చేసి, దాని ఆధారంగా బ్యాంకులు అప్పిచ్చే ఏర్పాటు చేయాలి. తనఖా లేని స్త్రీకి ఆ రికార్డే ఆస్తి. మూడు, సరుకుకు మార్కెట్టు సృష్టించిన పంపిణీదారులను పెద్ద కంపెనీలు పరిహారం లేకుండా తప్పించకుండా, స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో భాగంగా 2023లో ఆమోదం పొందిన పోటీ ప్రోటోకాల్ కింద రక్షణ కల్పించాలి.

ఈ మూడింటికీ కొత్త ఒప్పందం అక్కరలేదు. ఉన్న పత్రాలను గేటు దగ్గరి ఉద్యోగి, బ్యాంకు మేనేజరు, న్యాయమూర్తి పాటించేలా చేస్తే చాలు. అది జరిగేదాకా ఆఫ్రికా ఆర్థిక ఏకీకరణ కింద పడకుండా మోస్తున్నవారే దాని లాభాలకు దూరంగా ఉండిపోతారు.